హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి వెనుక ఒక కుటుంబం

మన లూథరన్ సంఘాల్లో పెరిగిన వారికి లూథరు చిన్న ప్రశ్నోత్తరి తెలుసు. దృఢీకరణకు ముందు దాన్ని కంఠస్థం చేసిన జ్ఞాపకం చాలామందికి ఉంటుంది. హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి మాత్రం మనలో ఎక్కువమందికి కొత్త పేరే. నిజానికి అది మనకు మరీ పరాయిదేమీ కాదు. మదనపల్లె ప్రాంతంలో పరిచర్య చేసిన ఆర్కాటు మిషను అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘానిది. ఆ సంఘపు విశ్వాస ప్రమాణాల్లో ఈ ప్రశ్నోత్తరి ఒకటి. తెలుగు ప్రజల మధ్య అనేక సంవత్సరాలు సేవచేసిన మిషనరీ వైద్యుడు జేకబ్ చేంబర్లేన్ ఆ సంఘం నుండి వచ్చినవాడే.

129 ప్రశ్నలు, జవాబులు ఉన్న ఆ చిన్న పుస్తకం 1563లో జర్మనీలో వెలువడింది. దానికి ముందుమాట ఒక పాలకుడి పేరు మీద, ఆ సంవత్సరం జనవరి 19 తేదీతో ఉంది. ఆయన పాలటినేట్ దేశాధిపతి మూడవ ఫ్రెడరిక్. చరిత్రకారులు ఆయనను 'భక్తిపరుడైన ఫ్రెడరిక్' అంటారు. ప్రశ్నోత్తరి మొదటి ప్రశ్న బ్రతుకులోను చావులోను విశ్వాసికి ఉన్న ఆదరణ గురించినది. ఆ ముందుమాట వెలువడేనాటికే ఫ్రెడరిక్, ఆయన భార్య మరియ తమ పదకొండు మంది పిల్లల్లో నలుగురిని పాతిపెట్టారు. ఆ సంగతి తెలిసి చదివితే మొదటి ప్రశ్న వేరుగా వినిపిస్తుంది.

ఫ్రెడరిక్ 1515 ఫిబ్రవరి 14న సిమ్మెర్న్ అనే చిన్న సంస్థానంలో పుట్టాడు. తండ్రి రెండవ యోహాన్, తల్లి బాడెన్ వంశపు బెయాట్రిక్స్. వారిది రాజవంశమే కాని చిన్న శాఖ, చిన్న ఆదాయం. పిల్లవాడు కాథలిక్‌గా పెరిగాడు. 1537లో బ్రాండెన్‌బర్గ్ వంశపు మరియతో వివాహమైంది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్లు. లూథరు బోధలో పెరిగిన అమ్మాయి. భర్త చేత బైబిలు చదివించింది, సంస్కరణ వైపు తిప్పింది ఆమే. 1546లో ఫ్రెడరిక్ తన సువార్త విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకున్నాడు. ప్రశ్నోత్తరి చరిత్ర రాసేవారు పండితుల పేర్లు వరుసగా చెబుతారు. ఈ ఇంట్లో మొదటి బోధకురాలు ఈ ఇల్లాలన్న మాట మాత్రం తరచు మరచిపోతారు.

ఆ రోజుల్లో దంపతులకు ఇబ్బందులు తక్కువేమీ కావు. ఇంటి ఖర్చులకే డబ్బు చాలక, ప్రష్యా అధిపతి, మరియకు చిన్నాన్న అయిన ఆల్బ్రెక్ట్‌కు సహాయం కోరుతూ ఉత్తరాలు రాసేవారు. 1547లో ఒక మగబిడ్డ పసితనంలోనే పోయాడు. 1553లో పెద్దకూతురు ఆల్బెర్టా చిన్న వయసులోనే చనిపోయింది. 1555లో చిన్నారి కార్ల్ పోయాడు. మరుసటి ఏడు హెర్మన్ లుడ్విగ్ మరణవార్త వచ్చింది.

ఈ హెర్మన్ లుడ్విగ్ కథ కొంచెం వివరంగా చెప్పాలి. ఆ కుర్రవాణ్ణి ఫ్రాన్సులోని బూర్జ్ పట్టణానికి చదువుకు పంపారు. 1556 జూలైలో అతడు కొందరితో కలిసి పడవ ఎక్కాడు. పడవ బోల్తాపడింది. ఒడ్డున ఉన్న ఒక న్యాయశాస్త్ర విద్యార్థి రాకుమారుణ్ణి కాపాడాలని నీళ్లలోకి దూకి తానే మునిగిపోసాగాడు. బ్రతికి బయటపడితే స్వదేశంలో సువార్త ప్రకటిస్తానని ఆ క్షణంలో దేవునికి మొక్కుకున్నాడు. ఒక సేవకుడు అతణ్ణే రాకుమారుడనుకొని బయటికి లాగాడు. రాకుమారుడు నీళ్లలోనే పోయాడు. ఆ విద్యార్థి పేరు కాస్పర్ ఒలెవియానస్. తరువాత అతడు జెనీవా వెళ్లి వేదశాస్త్రం చదివి, 1559లో తన సొంత ఊరు ట్రీర్‌లో బోధించి చెరసాల పాలయ్యాడు. అతణ్ణి విడిపించి హైడెల్‌బర్గ్‌కు పిలిపించినవాడు ఫ్రెడరిక్. ప్రశ్నోత్తరి పనిలో ప్రధాన పాత్ర జకరియాస్ ఉర్సినస్‌దని నేటి పండితులు ఎక్కువమంది అంటారు. అయినా ఆ పనిలో సహకరించినవారిలో, ఆ సంఘానికి క్రమం ఏర్పరచినవారిలో ఒలెవియానస్ ముఖ్యుడు. తన కొడుకు కోసం ప్రాణం తెగించిన ఆ యువకుణ్ణి చూసినప్పుడల్లా ఫ్రెడరిక్ ఏమనుకున్నాడో ఊహించుకోవలసిందే.

1557లో తండ్రి మరణంతో ఫ్రెడరిక్ సిమ్మెర్న్ అధిపతి అయ్యాడు. 1559 ఫిబ్రవరిలో పాలటినేట్ ఎలెక్టరు ఒట్టో హైన్‌రిక్ సంతానం లేకుండా చనిపోవడంతో ఆ పెద్ద రాజ్యం కూడా ఈయనకే వచ్చింది. ఎలెక్టరు అంటే చక్రవర్తిని ఎన్నుకొనే హక్కుగల ఏడుగురిలో ఒకడు. ముగ్గురు ఆర్చిబిషప్పులు, బొహేమియా రాజు, సాక్సనీ, బ్రాండెన్‌బర్గ్, పాలటినేట్ అధిపతులు ఆ ఏడుగురు. కిరీటం రాజుది కాకపోయినా అధికారం రాజుకు తక్కువ కాదు. నిన్నటివరకు అప్పులు అడిగిన కుటుంబం హైడెల్‌బర్గ్ కోటలోకి మారింది.

మారగానే తగవు ఎదురైంది. ప్రభురాత్రి భోజనంలో క్రీస్తు ఎలా ఉన్నాడనేది ఆ తగవు. లూథరు అనుచరులు, రొట్టె ద్రాక్షారసాలతోపాటు క్రీస్తు శరీరం, రక్తం నిజంగా అక్కడ ఉన్నాయనీ, పుచ్చుకొనే ప్రతివాడూ నోటితోనే వాటిని పుచ్చుకుంటాడనీ బోధించారు. జెనీవా, జూరిక్ వైపువారు, నోరు రొట్టెనే పుచ్చుకుంటుంది, విశ్వాసంగల హృదయం పరిశుద్ధాత్మ వలన క్రీస్తుతో ఏకమవుతుందన్నారు. హైడెల్‌బర్గ్‌లో ప్రధాన బోధకుడు హెషూసియస్ మొదటి పక్షం, అతని కింద పనిచేసే క్లెబిట్జ్ రెండో పక్షం. ఇద్దరూ ప్రసంగపీఠం మీది నుండే ఒకరినొకరు దూషించుకున్నారు. ఫ్రెడరిక్ ఇద్దరినీ పనిలోనుండి తీసేసి మెలాంక్తన్ సలహా అడిగాడు. లూథరు సహచరుడైన మెలాంక్తన్ పుట్టిన బ్రెట్టెన్ ఈ పాలటినేట్‌లోని ఊరే. ఆ వృద్ధుడు ఈ చర్యను మెచ్చుకొని, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదో అధ్యాయంలో పౌలు వాడిన 'పాలు పుచ్చుకోవడం' అన్న మాటకే కట్టుబడి ఉండమని రాశాడు. కొన్ని నెలలకే ఆయన చనిపోయాడు. ఫ్రెడరిక్ స్వయంగా లేఖనాలు ముందు పెట్టుకొని కూర్చున్నాడు. చివరకు ఆయన మనసు రెండో పక్షం వైపు మొగ్గింది.

ఇంట్లో కలత అక్కడే మొదలైంది. 1558లో రెండో కూతురు ఎలిసబెత్‌ను సాక్సనీ డ్యూకు యోహాన్ ఫ్రెడ్రిక్‌కు ఇచ్చారు. 1560 జూన్‌లో ఆమె చెల్లెలు దొరొతేయా సుజానాను ఆయన తమ్ముడు యోహాన్ విల్‌హెల్మ్‌కు ఇచ్చారు. అన్నదమ్ములే తోడల్లుళ్లయ్యారు, అక్కచెల్లెళ్లే తోడికోడళ్లయ్యారు. అల్లుళ్లిద్దరూ లూథరు పక్షంలో పట్టుదలగలవారు. హైడెల్‌బర్గ్‌లో జరిగిన ఆ రెండో పెళ్లికి తమ వెంట వేదపండితులను తీసుకొచ్చారు. మామగారిని దారికి తేవాలని వారి ఆలోచన. పెళ్లింట్లో కొన్ని రోజులపాటు ప్రభువు బల్ల మీద పండితుల వాదం నడిచింది. మామగారు మారలేదు సరికదా తన నిర్ణయంలో మరింత గట్టిపడ్డాడు. మరియ మాత్రం మొదట్లో చాలా కలవరపడింది. భర్త తప్పుదారి పడుతున్నాడేమోనన్న భయం ఆమె అల్లుడికి రాసిన ఉత్తరాల్లో కనబడుతుంది. తాను చూపిన దారిలో నడిచిన భర్త తనను దాటి ఇంకా ముందుకు పోతుంటే ఆ తల్లి పడిన బాధ చిన్నది కాదు. కాలక్రమంలో ఆమె భర్త పక్కనే నిలబడింది. పెద్దకొడుకు లుడ్విగ్ నిలబడలేదు. అతడు లూథరన్‌గానే మిగిలాడు. తరువాతి కొడుకు యోహాన్ కాసిమిర్ తండ్రి పక్షం.

ప్రశ్నోత్తరి పుట్టింది ఈ పరిస్థితుల్లోనే. రాజ్యంలో ఒక ఊళ్లో ఒకటి, మరో ఊళ్లో ఒకటి బోధించడం ఆపాలని, పిల్లలకు ఒకే పాఠం ఉండాలని ఫ్రెడరిక్ ఈ పని చేయించాడు. ఉర్సినస్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు, ఒలెవియానస్‌కు ఇరవై ఆరు. జవాబులను యాభై రెండు ఆదివారాలకు పంచడం వల్ల ఏడాదికి ఒకసారి పుస్తకమంతా సంఘంలో బోధించే వీలు కలిగింది. కలహంలో పుట్టిన పుస్తకమే అయినా దాని స్వరం చాలావరకు కలహపు స్వరం కాదు. కాథలిక్కుల మిస్సాను ఖండించే ఎనభయ్యవ ప్రశ్న మొదటి ముద్రణలో లేదు, తరువాత చేరింది. అది చేరకపోతేనే బాగుండేదని ఇప్పుడు ఆ ప్రశ్నోత్తరి వాడే సంఘాల్లోనే చాలామంది అంటారు.

అప్పటి సామ్రాజ్య చట్టం ప్రకారం ఇది ప్రమాదకరమైన పని. 1555 ఆగ్స్‌బర్గ్ శాంతి ఒప్పందం కాథలిక్కులకు, ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణాన్ని ఒప్పుకొన్నవారికి మాత్రమే రక్షణ ఇచ్చింది. మూడో పక్షానికి చోటు లేదు. 1566లో ఆగ్స్‌బర్గ్‌లో జరిగిన సభలో రెండవ మాక్సిమిలియన్ చక్రవర్తి ఎదుట ఫ్రెడరిక్ మీద ఈ అభియోగం వచ్చింది. మార్పులన్నీ రద్దు చేయకపోతే ఆ రక్షణ పోతుంది. పదవి, రాజ్యం కూడా పోవచ్చు. మే 14న ఆయన సభలో నిలబడి తన పక్షం చెప్పుకున్నాడు. కాల్విను పుస్తకాలు తాను చదవలేదన్నాడు. ఆగ్స్‌బర్గ్ ప్రమాణం మీద తాను సంతకం చేసిన మాట గుర్తుచేశాడు. మనస్సాక్షి విషయంలో తనకు ఒకడే ప్రభువని, ఎవరైనా లేఖనాల నుండి తన తప్పు చూపిస్తే నేర్చుకోవడానికి సిద్ధమని చెప్పాడు. ఆయన వెనుక యోహాన్ కాసిమిర్ బైబిలు పట్టుకొని నడిచాడని తరతరాలుగా చెప్పుకుంటారు. సాక్సనీ ఎలెక్టరు ఆగస్టు లూథరన్ అయినా ఆయన భుజం తట్టి, మా అందరికంటే నీవే భక్తిపరుడవన్నాడని కూడా చెబుతారు. ఈ కథల్లో ఎంత నిజమో గాని, లూథరన్ ప్రభువులు ఆయనను చక్రవర్తికి వదిలిపెట్టలేదన్నది మాత్రం నిజం. ఫ్రెడరిక్ క్షేమంగా ఇల్లు చేరాడు.

మరుసటి ఏడాది మాత్రం కుటుంబానికి క్షేమంగా గడవలేదు. పెద్దల్లుడు యోహాన్ ఫ్రెడ్రిక్, చక్రవర్తి వెలివేసిన గ్రుంబాక్ అనే తిరుగుబాటు నైటుకు ఆశ్రయమిచ్చాడు. ఎందరు చెప్పినా వినలేదు. చక్రవర్తి ఆజ్ఞ మీద గోథా కోటను ముట్టడించిన సైన్యానికి నాయకుడు ఆ ఎలెక్టరు ఆగస్టే. ముట్టడిలో సొంత తమ్ముడు, ఫ్రెడరిక్ రెండో అల్లుడు యోహాన్ విల్‌హెల్మ్ కూడా అవతలి పక్షాన ఉన్నాడు. 1567 ఏప్రిల్‌లో కోట లొంగిపోయింది. పెద్దల్లుణ్ణి బందీగా ఆస్ట్రియాకు తీసుకుపోయారు, ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. అక్క భర్త చెరలో, చెల్లెలి భర్త చేతిలో ఆయన రాజ్యం. ఆ ఇద్దరి తల్లి మరియ ఆ ఏడే అక్టోబరు 31న కన్నుమూసింది. లూథరు విట్టెన్‌బర్గ్ వాదాలకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజది.

1569లో ఫ్రెడరిక్ నెదర్లాండ్స్ పోరాట నాయకుడు బ్రెడెరోడ వితంతువు అమాలియాను పెళ్లి చేసుకున్నాడు. అప్పటికే ఆయన రాజ్యం నెదర్లాండ్స్ నుండి, ఫ్రాన్సు నుండి పారిపోయి వచ్చిన విశ్వాసులకు ఆశ్రయంగా మారింది. 1562లో ఫ్రాంకెంతాల్‌లో ఖాళీగా పడి ఉన్న మఠాన్ని అలాంటి కుటుంబాలకే ఇచ్చాడు, అది పట్టణంగా ఎదిగింది. యోహాన్ కాసిమిర్ ఫ్రాన్సులోని హ్యూగెనోలకు సహాయంగా రెండుసార్లు సైన్యం నడిపాడు. ఇరవై రెండేళ్ల చిన్నకొడుకు క్రిస్టోఫ్ 1574 ఏప్రిల్ 14న నెదర్లాండ్స్‌లో మోక్ మైదానంలో స్పెయిన్ సైన్యంతో పోరాడుతూ చనిపోయాడు. ఆరెంజ్ ప్రభువు విలియం తమ్ముళ్లిద్దరు కూడా అక్కడే పడిపోయారు. తండ్రికి అది ఐదో కొడుకు శోకం కాకపోయినా, ఐదో బిడ్డ శోకం.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఆగ్స్‌బర్గ్‌లో తన మనస్సాక్షి కోసం నిలబడిన మనిషి ఇతరుల మనస్సాక్షికి అంత చోటు ఇవ్వలేదు. ఎగువ పాలటినేట్‌లోని ఆంబెర్గ్ ప్రజలు లూథరన్‌లుగానే ఉంటామంటే, వారిని తన మార్గంలోకి తేవడానికి ఆయన పదే పదే ప్రయత్నించాడు. వారు లొంగలేదు. అక్కడ తండ్రి తరఫున పాలించిన లుడ్విగ్ మనసు కూడా ఆ ప్రజలతోనే ఉంది. అంతకంటే ఘోరమైనది యోహానెస్ సిల్వానస్ సంగతి. లాడెన్‌బర్గ్ సంఘ పర్యవేక్షకుడైన ఆయన త్రిత్వ సిద్ధాంతాన్ని నిరాకరించాడు. వేదపండితులు మరణశిక్ష వేయవచ్చని సలహా ఇచ్చారు, ఉర్సినస్, ఒలెవియానస్‌లతో సహా. సిల్వానస్ తన మాట వెనక్కి తీసుకున్నా ఫ్రెడరిక్ క్షమించలేదు. 1572 డిసెంబరు 23న, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, హైడెల్‌బర్గ్ సంతవీధిలో ఆయన తల నరికించాడు. కాలం అలాంటిదనే మాట ఉంది, నిజమే. ఆ కాలంలోనే అదే ఊళ్లో దీనికి ఒప్పుకోనివారు కూడా ఉన్నారు. భక్తిపరుడన్న బిరుదు రాసేటప్పుడు ఈ తేదీ కూడా పక్కన రాయాలి.

1576 అక్టోబరు 26న ఫ్రెడరిక్ చనిపోయాడు. రాజ్యం లుడ్విగ్‌ది అయింది. తన తండ్రి ఆస్థాన బోధకుణ్ణి భూస్థాపన ప్రసంగం చేయనివ్వకుండా లుడ్విగ్ తన బోధకుడి చేత చేయించాడు. తండ్రి కట్టినదంతా కొద్ది నెలల్లో విప్పేశాడు. రిఫార్మ్‌డ్ కాపరులు, ఉపాధ్యాయులు దాదాపు ఆరు వందలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఒలెవియానస్‌ను గృహనిర్బంధంలో ఉంచి తరువాత వెళ్లగొట్టారు. వెళ్లినవారిలో కొందరికి తమ్ముడు యోహాన్ కాసిమిర్ తన వంతుకు వచ్చిన చిన్న భూభాగంలో చోటిచ్చాడు. నొయిస్టాట్‌లో 1578లో ఒక విద్యాలయం పెట్టి ఉర్సినస్‌ను అక్కడ నియమించాడు. 1583 అక్టోబరులో లుడ్విగ్ నలభై నాలుగేళ్లకే చనిపోయాడు. అతని కొడుక్కి తొమ్మిదేళ్లు. బాబాయి కాసిమిర్ సంరక్షకుడై వచ్చి, దేశాన్ని మళ్లీ తండ్రి మార్గానికి తిప్పాడు, పిల్లవాడి గురువులను కూడా మార్చాడు. ఈసారి లూథరన్ కాపరులు మూటముల్లె సర్దుకున్నారు.

ఇదంతా కోటలోని సంగతి. 1550లో పాలటినేట్ పల్లెలో పుట్టిన ఒక పిల్లను తలచుకోండి. పాత మతంలో బాప్తిస్మం పొందింది. ఆరేళ్లప్పుడు ఒట్టో హైన్‌రిక్ ఊరిని లూథరన్ చేశాడు. పదమూడో ఏట బలిపీఠం తీసేసి బల్ల వేశారు, పటాలు పోయాయి, ఆర్గాను మూగబోయింది, పలుచని అప్పానికి బదులు మామూలు రొట్టె విరిచారు. ఇరవై ఆరో ఏట అప్పం తిరిగొచ్చింది. ముప్పై మూడో ఏట మళ్లీ రొట్టె వచ్చింది. ప్రతిసారీ కొత్త కాపరి, పాత కాపరి తప్పు చెప్పాడని చెప్పే కాపరి. ఆమె ఏ ప్రశ్నోత్తరిని పిల్లలకు నేర్పిందో ఏ దస్తావేజూ చెప్పదు. ఒక ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య తెగని ప్రశ్న ఎన్ని వేల ఇళ్ల మీద పడిందో ఈ లెక్కలో కనబడుతుంది. పెళ్లి వల్ల సంఘం మారిన కోడళ్లు, తల్లిది ఒక బల్ల, భార్యది ఒక బల్ల అయిన కొడుకులు మన ఊళ్లలోనూ ఉన్నారు. వారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

వంశం తరువాతి కథ పెద్దది, క్లుప్తంగా చెబుతాను. ఫ్రెడరిక్ ముని మనవడు ఐదవ ఫ్రెడరిక్ 1619లో బొహేమియా కిరీటం తీసుకొని మరుసటి ఏడే యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్నాడు. 1622లో హైడెల్‌బర్గ్ శత్రువుల చేతిలో పడింది, అక్కడి ప్రసిద్ధ గ్రంథాలయం రోముకు తరలిపోయింది. ఆయన కూతురు సోఫియా కొడుకే 1714లో ఇంగ్లండు రాజైన మొదటి జార్జి. మన ముత్తాతలు వాడిన రూపాయల మీది విక్టోరియా రాణి ఆ వంశంలోనిదే.

పిల్లల్లో యోహాన్ కాసిమిర్ పెళ్లి గురించి కూడా ఒక మాట. తండ్రి అతనికి 1570లో సంబంధం కలిపింది ఎలెక్టరు ఆగస్టు కూతురుతో. పెద్దల్లుణ్ణి చెరపట్టినవాడే వియ్యంకుడయ్యాడు. రెండు పక్షాలను ఈ పెళ్లి దగ్గర చేస్తుందని పెద్దలు ఆశించారు. భార్య లూథరన్, భర్త రిఫార్మ్‌డ్, వారి కాపురం చేదుగా నడిచింది. చివరకు భర్తే ఆమెను నిర్బంధంలో ఉంచాడు, ఆమె 1590లో చనిపోయింది.

ఎలిసబెత్ సంగతి మిగిలింది. భర్త చెరలో పడేనాటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు నిండలేదు, చిన్న పిల్లలున్నారు. భర్త విడుదల కోసం చక్రవర్తికి ఎన్నో విన్నపాలు పంపింది. విడుదల దొరకలేదు గాని భర్త దగ్గర ఉండే అనుమతి దొరికింది. 1572లో ఆమె వీనర్ నొయిస్టాట్‌లోని చెరసాలకు వెళ్లింది. పిల్లలు సాక్సనీలో ఉండిపోయారు. వారి సంరక్షకుల్లో తండ్రిని బంధించిన ఆగస్టు కూడా ఒకడు. ఆమె ఇరవై రెండేళ్లు అక్కడ భర్తతోనే ఉండి 1594 ఫిబ్రవరి 8న అక్కడే చనిపోయింది. మరుసటి ఏడు మే నెలలో భర్త కూడా చెరలోనే చనిపోయాడు. ఇద్దరి దేహాలనూ కోబర్గ్‌కు తెచ్చి సెయింట్ మోరిస్ ఆలయంలో సమాధి చేశారు. పెద్దవాడైన కొడుకు అక్కడ తల్లిదండ్రుల పేర పాలరాతిలాంటి తెల్లని రాతితో ఎత్తయిన స్మారకం కట్టించాడు. అతనికి పెట్టిన పేరు మేనమామదే, యోహాన్ కాసిమిర్.